రాళ్లవాగు దాకా సుబ్బరత్నం గారు

1988 జూలై 4, సోమవారం. ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు శ్రీమతి గుళ్ళపల్లి సుబ్బరత్నం గారు ఖమ్మంలోని మన గోదావరి వనగ్రామ అధ్యయన సంస్థలో కోడింగ్ అసిస్టెంటుగా విధుల్లో చేరారు. ఎర్రుపాలెం నుంచి వచ్చే ప్యాసింజరు రైలు ఆ రోజు కాస్త ఆలస్యమైంది. హాజరు పట్టీలో అందరూ పది అని రాసిన చోట ఆమె పదీ ఐదు అని రాశారు. అలా రాయమని ఎవరూ అడగలేదు. ముప్పై ఏడేళ్ల సేవ తరువాత, 2025 జూన్ 30న, డిప్యూటీ డైరెక్టరు హోదాలో ఆమె పదవీ విరమణ చేస్తున్న ఈ శుభ సందర్భంలో, సహోద్యోగులందరి తరఫున ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది.

ఆ రోజుల్లో మన పని అంతా కాగితం మీదే. టేకులపల్లి, ఏన్కూరు ప్రాంతాల నుంచి, భద్రాచలం అవతలి అడవి పల్లెల నుంచి సర్వే ఫారాలు గోనెసంచుల్లో వచ్చేవి. ఎన్యూమరేటర్లు ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన జవాబులను అంకెలుగా మార్చడం కోడింగ్ అసిస్టెంటు పని. అవునంటే ఒకటి, కాదంటే సున్నా. మిగతావాళ్లం గడులు మాత్రమే చూసేవాళ్లం. సుబ్బరత్నం గారు ఫారం అంచున పెన్సిలుతో గీకిన ప్రతి ముక్కనూ చదివేవారు. ఒకసారి ఏన్కూరు నుంచి వచ్చిన ఫారంలో ‘పాడి ఆవు ఉందా?’ అన్న ప్రశ్న పక్కన ‘ఉంది, కానీ మొన్న అడవిలో తప్పిపోయింది’ అని ఉంది. ఒకటి వేయాలా, సున్నా వేయాలా? ఆమె ఏదీ వేయకుండా ఆ ఎన్యూమరేటరుకు పోస్టుకార్డు రాశారు. పది రోజులకు జవాబు వచ్చింది: ‘ఆవు దొరికింది. దూడతో వచ్చింది.’

ఆ కార్డు ఆఫీసంతా చేతులు మారింది. అప్పటి మా సూపర్‌వైజరు లాల్‌సింగ్ గారు మాత్రం తల పట్టుకున్నారు.

“ఒక్క ఆవుకు పది రోజులైతే, జిల్లా లెక్క తేలేదెప్పుడమ్మా?”

“దూడ కూడా లెక్కలోకి వచ్చింది కదండీ,” అన్నారు సుబ్బరత్నం గారు.

1997లో సంస్థకు కంప్యూటర్లు, 2004లో గణాంక సాఫ్ట్‌వేర్ వచ్చాయి. రెండు వారాల శిక్షణకు హైదరాబాదు ఎవరు వెళ్తారని అడిగితే మాలో చాలామందిమి బీరువాల వైపు చూశాం. నలభయ్యో ఏట సుబ్బరత్నం గారు వెళ్లి, నేర్చుకుని, తిరిగి వచ్చి మా అందరికీ నేర్పారు. ఈ సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం ఆ పని ఏమిటో కొంచెం చెప్పాలి. సర్వేలో అడిగేది కొన్ని ప్రశ్నలే. మనకు కావలసిన సంగతిని చాలాసార్లు వాటి జవాబుల నుంచి తయారు చేసుకోవాలి. మనిషి వయసు అడుగుతాం. ‘అరవై దాటితే వృద్ధులు, లేకపోతే కాదు’ అని ఒక షరతు రాస్తే, లక్ష పేర్లకు ఎదురుగా సాఫ్ట్‌వేర్ క్షణంలో ఒక కొత్త గడి నింపేస్తుంది. దీన్నే మేము కొత్త వేరియబుల్ చేయడం అంటాం. రాయడానికి ఒకే ఒక్క వరుస. కానీ ఏ ఊరికి బడి వస్తుందో, ఏ ఊరికి రాదో తేల్చేది చాలాసార్లు ఆ వరుసే.

అందుకే ఆమె ప్రతి షరతునూ ముందు నోటుపుస్తకంలో తెలుగులో రాసి, పైకి చదివి, ‘లేకపోతే’ అన్న మాట దగ్గర ఆగేవారు. “ఈ లేకపోతేలో ఎవరెవరున్నారో చెప్పండి,” అని కొత్తగా చేరినవాళ్లను నిలదీసేవారు. ఈ అలవాటు బాధితుల్లో ఆమె భర్త వెంకటనారాయణ గారే ప్రథములు. ఎర్రుపాలెంలో మిరప సాగు చేసే ఆ పెద్దమనిషి ఒకసారి మా అందరి ముందే మొర పెట్టుకున్నారు. “వాన పడితే రేపు మందు కొట్టను, లేకపోతే కొడతా అంటానండీ. ‘మబ్బు పట్టి పడకపోతే?’ అంటుంది. జవాబు చెబితే గానీ అన్నం వడ్డించదు.” పక్కనే ఉన్న కూతురు సుజన, “నాన్నా, నీకు అన్నం పెట్టలేదంటే వేరే కారణం ఏదో ఉంటుంది, మొత్తం చెప్పు,” అంది. పోలికలు ఎక్కడివో మాకు అర్థమైంది.

ఇంత జాగ్రత్త గల మనిషి 2018లో ఒక తప్పు చేశారు.

అభినందన సంచికలో ఎవరూ ఇలాంటివి రాయరు. నేనూ రాయలేదు. చిత్తుప్రతి చూపించినప్పుడు ఆమె చివరిదాకా చదివి, కాగితాలు మడిచి నా చేతికి ఇచ్చేశారు. “రాళ్లవాగు గురించి రాయకపోతే నా గురించి కూడా రాయొద్దండీ,” అన్నారు. అందుకని రాస్తున్నాను.

ఆ వేసవిలో భద్రాచలం అవతల నూట ఇరవై ఆరు గుంపుల్లో సర్వే చేశాం. గుంపు అంటే అడవిలో పదీ పదిహేను ఇళ్ల చిన్న పల్లె. వానాకాలంలో వాగులు పొంగితే అక్కడి గర్భిణులు దవాఖానా చేరలేరు. కాబట్టి దూరపు గుంపుల్లోని వారిని జూన్ మొదట్లోనే జీపుల్లో తెచ్చి, ప్రసవం అయ్యేదాకా భద్రాచలంలో ఒక వసతి గృహంలో ఉంచాలన్నది పథకం. ఏ గుంపు దగ్గరో, ఏది దూరమో తేల్చి జాబితా ఇవ్వడం మన బాధ్యత. సర్వేలో ప్రశ్న: వానాకాలంలో దవాఖానాకు ఎన్ని నిమిషాలు? షరతు: అరవై కంటే తక్కువైతే ‘దగ్గర’, లేకపోతే ‘దూరం’. సుబ్బరత్నం గారు తన చేత్తో రాశారు. రెండూ కూడితే నూట ఇరవై ఆరు సరిగ్గా వచ్చింది. జూన్ 1, శుక్రవారం జాబితా వెళ్లిపోయింది. సోమవారం ఉదయం జీపులు కదిలాయి.

అదే సోమవారం పదకొండు గంటలకు ఆదెమ్మ గారు ఆఫీసుకు వచ్చారు. ఇప్పమడుగు గుంపు ఆడబిడ్డ, ఆ ప్రాంతంలో మన ఎన్యూమరేటర్. సర్వేకు ఇచ్చిన టాబ్లెట్ తిరిగి అప్పగించడానికి వచ్చి, బల్ల మీద ఉన్న జాబితాను వేలితో వెతుక్కుంటూ ఒకచోట ఆగారు.

“మేడమ్, మా ఇప్పమడుగు దగ్గరోళ్ల లిస్టుల ఉన్నదేంది?”

“అరవై నిమిషాల లోపు వచ్చిందమ్మా.”

“ఎట్లొచ్చింది? మేం పండుకున్నప్పుడు గుంపును ఎత్తుకొచ్చి భద్రాచలంల పెట్టిన్రా?”

గదిలో నవ్వులు. సుబ్బరత్నం గారు కూడా నవ్వుతూనే అడిగారు. “సర్వే చేసింది నువ్వే కదా. ఎన్ని నిమిషాలని కొట్టావు?”

“నేనేం కొట్టలే. వానల వాగొస్తే పోనే పోరాయె. పోనిదానికి నిమిషాలెట్ల రాస్తరు? తెల్వకుంటే అందాజాగ రాయొద్దు, ఖాళీ ఇడువున్రి అని మీరే చెప్పిన్రు.”

సుబ్బరత్నం గారి నవ్వు ఆగిపోయింది. అప్పటికి చేరి ఏడాదైన నాగచైతన్య గారు పరుగున వెళ్లి డేటా తెరిచారు. ఏడు గుంపులకు నిమిషాల గడి ఖాళీ. మన సాఫ్ట్‌వేర్ ఖాళీ గడిని అన్ని అంకెలకన్నా చిన్నదిగా లెక్కిస్తుంది. అరవై కంటే చిన్నది గనుక ‘దగ్గర’. వానల్లో అసలు దారే లేని ఏడు గుంపులు దవాఖానా పక్కనే ఉన్నట్టు లెక్కలోకెక్కాయి. కూడిక తప్పలేదు గనుక ఎవరికీ అనుమానం రాలేదు. అంతకుముందు ముప్పై ఏళ్లూ ఎవరో ఒకరు ఫారం అంచున ‘వాగొస్తే పోరు’ అని రాసి పంపేవారు. ఆ ఏడాది తొలిసారిగా టాబ్లెట్లు ఇచ్చాం. టాబ్లెట్‌లో అంచు లేదు.

ఆ ఏడు గుంపుల్లో నెలలు నిండుతున్నవారు తొమ్మిది మంది. వాళ్ల కోసం ఏ జీపూ బయలుదేరలేదు. వాన ఏ రోజైనా రావచ్చు.

“మేడమ్, ఖాళీల్లో తొమ్మిది వందల తొంభై తొమ్మిది పెట్టి మళ్లీ రన్ చేద్దాం,” అన్నారు నాగచైతన్య గారు. “అన్నీ దూరంలోకి పోతాయి. సవరించిన జాబితా అని పంపేద్దాం. నిమిషం పని.”

“అంటే పదహారు గంటల పైన నడిస్తే చేరతారని అర్థం బాబూ. వాళ్లు ఎంత నడిచినా చేరరు. చేరరనే రాద్దాం.”

ఆమె షరతును మొదటి నుంచి రాశారు. నిమిషాలు ఖాళీ అయితే ముందు దాన్ని విడిగా తీయాలి. మిగిలిన వాటినే అరవైతో పోల్చాలి. ఖాళీ అంటే దారి లేదనే అని కూడా ఆమె నమ్మలేదు. ఏడు గుంపులు తిరిగిన ఎన్యూమరేటర్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎందుకు ఖాళీ వదిలారో చెప్పించుకుని, అప్పుడు ‘దారి లేదు’ అని ఒక కొత్త వర్గం పెట్టారు. సవరణ లేఖకు ‘సాంకేతిక లోపం వల్ల’ అని కారణం రాస్తే చాలని పై నుంచి సలహా వచ్చింది. “సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదండీ, నేను చెప్పినట్టే చేసింది,” అని ఆమె తన కారణమే రాశారు: ‘షరతు రాసినది నేను. ఖాళీ గడులను నేను చూడలేదు.’ సంతకం చేసి, మధ్యాహ్నం రెండింటికి పంపారు. నాలుగింటికి జవాబు: జీపులన్నీ వెళ్లిపోయాయి, ఎల్లుండి, అంటే ఆరో తేదీ నుంచి ఒక్కటి ఇవ్వగలం.

ఏడు గుంపులు. ఒక్క జీపు. ఆమె పటం పరుచుకుని దగ్గరి దారి గీస్తుండగా ఆదెమ్మ గారు అడ్డుపడ్డారు.

“గిట్ల పోతే జీపు ఖాళీగనే వస్తది మేడమ్. మా తాన విత్తనాల పండుగ నడుస్తున్నది.”

తొలకరికి ముందు గుంపు పెద్ద దగ్గరుండి పూజ చేసి, విత్తనాలు ఇంటింటికీ పంచుతారు. ఆ గింజలు చేతికి అందేదాకా ఆ గుంపు వాళ్లు పొలిమేర దాటరు. ఏ గుంపు పండుగ ఆ గుంపుదే, రోజు కూడా వేరే. ఈ సంగతి మన ఏ ఫారంలోనూ లేదు.

ఆదెమ్మ గారి తమ్ముడు హేమ్లా ఇప్పమడుగు పక్కన సిగ్నల్ అందే గుట్ట ఎక్కి, గుంపు పెద్ద పగిడయ్య గారిని అక్కడికే పిలిపించాడు. సాయంత్రం ఐదున్నర. ఫోన్ స్పీకర్ మీద పెట్టారు. చుట్టూ మేమంతా నిలబడి ఉన్నాం.

“ఎవరు?”

“ఖమ్మం సర్వే ఆఫీసు నుంచి సుబ్బరత్నం మాట్లాడుతున్నానండీ.”

“సర్వే అయిపాయె కదా. మళ్లేంది?”

“తప్పు చేశానండీ. మీ గుంపు దవాఖానాకు దగ్గరని రాసి పంపాను.”

అవతల పెద్దగా నవ్వు. “రాస్తే రాసినవ్ తియ్యమ్మా. వాగుకు చదువొస్తదా ఏంది?”

“మీ గుంపులో కన్నమ్మకు నెలలు నిండాయి. జీపు పంపిస్తాం, ఆమెను పంపుతారా?”

“పండుగ ఎనిమిదో తారీఖు. గింజలు పంచేదాక ఎవ్వలూ పొలిమేర దాటరు. గది మీకు చెప్పినా ఎరుక కాదు.”

“ఈలోపు వాన వస్తే?”

“వస్తే వస్తది.”

పండుగ ముందుకు జరపమని ఆమె అంటారనుకున్నాం. మాలో ఒకరిద్దరు ఆ మాట చెవిలో చెప్పారు కూడా. ఆమె చేత్తో వారించి, “ఎనిమిదో తారీఖు ఎన్ని గంటలకు పంచుతారండీ?” అని అడిగారు.

“గిట్ల ఎవ్వరూ అడగలే. పొద్దుగాల మొదలువెడితే ఎండెక్కే వరకు అయితది.”

“తొమ్మిదింటికి జీపు వాగొడ్డున ఉంటుంది. ఎండెక్కే దాకా ఆగుతుంది. గింజలు అందగానే కన్నమ్మను పంపిస్తారా?”

“అవ్. పంపుతం.” వెంటనే, “మొదలు ఆమెకే ఇస్తం తియ్,” అన్నారు.

ఆ సాయంత్రమే ఏడు గుంపుల పండుగ రోజులూ కనుక్కుని ఆమె ఇంకొక వేరియబుల్ చేశారు. పేరు ‘బయలుదేరే రోజు’. పండుగ అయిపోయి ఉంటే వెంటనే. కాకపోతే గింజలు పంచిన రోజునే. జీపు ఆ వరుస ప్రకారం తిరిగింది. ఎనిమిదో తేదీ ఉదయం తొమ్మిదీ నలభైకి కన్నమ్మ గింజలు కొంగున ముడేసుకుని, మోకాలి లోతు నీళ్లలో వాగు దాటి జీపెక్కింది. మరుసటి రోజు వాగు పొంగింది. పదకొండు రోజులు వరద తీయలేదు. పద్నాలుగో తేదీన భద్రాచలంలో కన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. అలా ఆరు గుంపుల నుంచి ఎనిమిది మంది క్షేమంగా చేరారు.

రాళ్లవాగు గుంపులో పండుగ మూడో తేదీనే అయిపోయింది. అందుకే వరుసలో అదే మొదటిది. కానీ ఐదో తేదీన ఎగువ కొండల్లో వాన కురిసింది. ఆరున జీపు వెళ్లేసరికి వాగు నిండుగా పారుతోంది. డ్రైవరు హీరాలాల్ ఒడ్డున రెండు గంటలు చూసి వెనక్కి వచ్చాడు. మొదటి జాబితా సరిగ్గా ఉండి ఉంటే నాలుగో తేదీనే అక్కడికి జీపు వెళ్లేది. ఆ గుంపులో శ్యామల అనే ఆమెకు పదకొండున ఇంట్లోనే కాన్పు కష్టమైంది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఎనిమిది మంది చేరినందుకు పై నుంచి ప్రశంసా లేఖ వచ్చింది. మేమంతా చప్పట్లు కొట్టబోయాం. “తొమ్మిది మంది కదండీ,” అని ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నారు.

నవంబరులో దారి ఆరాక, సెలవు పెట్టుకుని, ఆదెమ్మ గారిని తోడు తీసుకుని సుబ్బరత్నం గారు రాళ్లవాగు వెళ్లారు. అక్కడ ఏం జరిగిందో ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆదెమ్మ గారు చెప్పారు. శ్యామల ఇంటి ముందు కూర్చుని, ఒక జాబితా ఉండేదని, అందులో ఈ గుంపును తాను తప్పు చోట రాశానని, అందుకే జీపు రెండు రోజులు ఆలస్యమైందని ఆమె ఏమీ దాచకుండా చెప్పారు. శ్యామల చేటలో ఇప్పచెట్టు గింజలు ఏరుతూ అంతా విన్నది. తరువాత ఒక్కటే అడిగింది.

“గా లిస్టుల ఇప్పుడు మా గుంపు యాడున్నది?”

“దారి లేని వాటిలో. అన్నిటికన్నా పైన.”

“దారి వచ్చేదాక గట్లనే ఉంచున్రి,” అని శ్యామల చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి ఏడాది నుంచి మన సర్వేలో ఆ ప్రశ్న కింద ‘దారి లేదు’ అన్నది కూడా ఒక జవాబుగా వచ్చింది. ఆ ఏడాది దాన్ని ఎంచుకున్న గుంపులు పంతొమ్మిది. అంతకుముందు మిగిలిన పన్నెండు గుంపుల్లో ఎవరో ఏదో ఒక అంకె ఊహించి కొట్టారన్నమాట. 2021లో సుబ్బరత్నం గారు డిప్యూటీ డైరెక్టరు అయ్యారు. ఆ తరువాత నాలుగేళ్లూ ప్రతి ఏప్రిల్‌లో, పండుగ రోజులూ వాగుల పేర్లూ తెలిసిన అడవి పల్లెల ఆడవాళ్లను పిలిపించి, ఫారంలోని ప్రతి ప్రశ్ననూ వారి ముందు చదివించారు. వాళ్లు నవ్విన ప్రశ్నలన్నీ తిరగరాయించారు. సాఫ్ట్‌వేర్ విభాగాన్ని నేడు నడుపుతున్న నాగచైతన్య గారు ఏ షరతు రాసినా మొదటి వరుస ఖాళీ గడులదే. ఎందుకని అడిగే కొత్తవారికి ఈ కథ ఆయనే చెబుతారు.

ఈ మే నెల సర్వేలో దారి లేని గుంపులు నాలుగు. ఇప్పమడుగుకు వంతెన వచ్చింది. రాళ్లవాగు ఇంకా ఆ నాలుగింటిలోనే ఉంది; వంతెనకు స్తంభాలు లేచాయి, స్లాబు పడలేదు. పదవీ విరమణకు మా తరఫున ఏం కావాలో చెప్పమని అడిగితే సుబ్బరత్నం గారు శాలువా వద్దన్నారు, ఉంగరం వద్దన్నారు. “రాళ్లవాగు మీద స్లాబు పడిన రోజు నాకు ఫోన్ చేయండి. ఆ గుంపును జాబితాలోంచి తీసేస్తున్నామని శ్యామలకు నేనే వెళ్లి చెప్పాలి,” అన్నారు.

మేడమ్, తప్పకుండా చేస్తాం. ఆ వంతెన ఈ చివర నుంచి ఆ చివరకు మీ కాళ్లతో మీరు నడిచి వెళ్లాలి. అందుకు కావలసిన ఆరోగ్యం, సత్తువ, కంటి చూపు భగవంతుడు మీకు నిండుగా ఇవ్వాలి. శ్యామల ఇంటి ముందు మరోసారి కూర్చుని, చెప్పవలసింది చెప్పి, తేలికైన మనసుతో ఎర్రుపాలెం తిరిగి రావాలి. ఆ తరువాత వెంకటనారాయణ గారితో, సుజనతో, ఆయురారోగ్యాలతో, మీకు ఇంకా ఎన్నో చల్లని ఏళ్లు గడవాలని మీ సహోద్యోగులమంతా మనసారా కోరుకుంటున్నాం.